మీ సంఘంలో వాయించే మనిషి గురించి మీకు ఎంత తెలుసు?

వెనకబెంచి:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఒక విషయం వారం నుంచి మనసులో తిరుగుతోంది, కొంచెం పొడుగైతే ఓపిగ్గా చదవండి.

మా సంఘంలో కీబోర్డ్ వాయించే అన్న ఉన్నారు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆయన్ని చూస్తున్నాను. నిజానికి చూసింది ఆయన చేతుల్నే. పల్లవి ఎత్తుకునే ముందు ఎడమచేతి చిటికెన వేలు మెట్టు మీద ఆనించి ఒక్క క్షణం ఆగుతారు, లీడ్ చేసే అక్క ఊపిరి తీసుకున్నాకే నొక్కుతారు. ఇంత చిన్న విషయం నాకు తెలుసు. కానీ ఆయన ఏం ఉద్యోగం చేస్తారో తెలీదు, ఇంట్లో ఎవరెవరు ఉంటారో తెలీదు, ప్రభువును ఎలా తెలుసుకున్నారో అసలే తెలీదు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వైర్లు చుట్టే తమ్ముడు రాలేదని నేను సాయానికి వెళ్లాను. నేను వైరుని మోచేతికి గబగబా చుట్టేస్తుంటే ఆయన నవ్వి నా చేతిలోంచి తీసుకుని, అలా చుడితే లోపలి తీగ మెలిపడి కొన్నాళ్లకు తెగుతుందని, ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు తిరగేసి వేయాలని చూపించారు. మాటల్లో మాటగా "అన్నా, ఈరోజు వాక్యం చాలా బాగుంది కదా" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "చివరి పది నిమిషాలు నేను వినలేదు తమ్ముడూ" అన్నారు. పాస్టర్ గారు ఎక్కడ గొంతు తగ్గిస్తారు, ఎక్కడ ప్రార్థనలోకి వెళ్తారు, ఎప్పుడు మెల్లగా ప్యాడ్ సౌండ్ (వెనక ఆగకుండా సాగే మెత్తటి ధ్వని) మొదలుపెట్టాలి అని చూస్తూ ఉండాలట. "అందరూ కళ్లు మూసుకునే టైంలో నేను తెరుచుకుని ఉండాలి" అన్నారు. ఫిర్యాదులా కాదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట ఇంకా పోవట్లేదు. తొమ్మిదేళ్లుగా నేను కన్నీళ్లతో ప్రార్థించిన ప్రతిసారీ ఆ వెనక మెల్లగా వాయిస్తున్నది కళ్లు తెరుచుకుని ఉన్న ఈ మనిషే.

ఆయన్ని సరిగ్గా తెలుసుకోవాలని ఉంది. ఇంటర్వ్యూ చేసినట్టు కాకుండా. మీలో ఎవరైనా మీ సంఘంలో వాయించేవాళ్లతో దగ్గరయ్యారా? ఎలా మొదలుపెట్టారు? వాయించేవాళ్లు ఇక్కడ ఉంటే, మిమ్మల్ని ఏం అడిగితే బాగుంటుందో మీరే చెప్పండి.

నల్లమెట్లు:
బ్రదర్, నేను పద్నాలుగేళ్లుగా కీబోర్డ్ వాయిస్తున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

మమ్మల్ని అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఈ పాట ఏ స్కేల్, మా బాబుకి నేర్పిస్తారా, ఫలానా రోజు మా మీటింగ్‌కి వస్తారా. మూడూ మంచి ప్రశ్నలే, ప్రేమతోనే అడుగుతారు. కానీ మూడూ చేతుల గురించే. "ఈ వారం ఎలా ఉన్నారు" అని ఎవరైనా అడిగి, నేను చెప్పేదాకా నిలబడితే, ఆ రోజు ఇంటికి వెళ్లే దారంతా అదే గుర్తుంటుంది.

ఒక్క సలహా. ఆరాధన అయిన వెంటనే రావద్దు. ఆ పది పదిహేను నిమిషాలు మా బుర్ర ఇంకా లోపలే ఉంటుంది. ఒక్క పాటలో ఏం జరుగుతుందో చెప్తాను. లీడర్ పల్లవి రెండుసార్లు అంటుందా మూడుసార్లా అని ఆమె చేతిని చూస్తుంటాం. డ్రమ్స్ తమ్ముడు టెంపో లాగేస్తున్నాడా అని వింటుంటాం. తెరమీద మాటలు వేసే అమ్మాయి రెండో చరణం బదులు మూడోది వేస్తే ఎవరికి సైగ చేయాలో చూస్తుంటాం. కొత్త గిటారిస్ట్ కార్డ్ మారే చోట తడబడుతుంటే అక్కడ కొంచెం గట్టిగా నొక్కి దారి చూపిస్తాం. ఇవన్నీ చేస్తూ పాడుతున్న మాటని హృదయంతో అనాలి కూడా. కొన్ని ఆదివారాలు రెండూ కలుస్తాయి, అప్పుడు ఎంత సంతోషమో చెప్పలేను. కొన్ని ఆదివారాలు చేతులు మాత్రమే పనిచేస్తాయి. అలాంటి రోజు ఎవరైనా వచ్చి "ఈరోజు ఎంత అభిషేకంతో వాయించారు అన్నా" అంటే లోపల చాలా బాధగా ఉంటుంది.

మీరు వైర్లు చుట్టడానికి వెళ్లారు చూడండి, దానికంటే మంచి మొదలు నాకు తెలీదు. మళ్లీ వెళ్లండి.

పాతకీర్తన:
నేను వయసులో పెద్దవాణ్ని, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. సేవ చేసేవాళ్లకు గుర్తింపు వెతకడం మంచిది కాదు. కుర్చీలు వేసేవాళ్లు ఉన్నారు, ఊడ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ ఇలా పోస్టు పెట్టరు. సంగీతం వాయించేవాళ్లకు ఇప్పటికే లైట్లు, వేదిక, వీడియోలు ఎక్కువయ్యాయి. మహిమ దేవునికి వెళ్లాలి.

వెనకబెంచి:
అయ్యగారూ, గుర్తింపు గురించి కాదు నేను అడిగింది. గుర్తింపు ఆయనకు ఇప్పటికే ఉంది, అందరూ ఆయన్ని గుర్తుపడతారు. ఆయన ఎలా ఉన్నాడో మాత్రం ఎవరికీ తెలీదు. కుర్చీలు వేసేవాళ్ల సంగతి మీరన్నది నిజం, అది నాకూ తగిలింది.

రెండోచరణం:
1 సమూయేలు 16వ అధ్యాయం 18వ వచనం ఎప్పుడైనా నెమ్మదిగా చదివారా? సౌలు రాజుకి వాయించేవాడు కావాల్సి వచ్చినప్పుడు ఒక సేవకుడు దావీదు గురించి చెప్తాడు. బాగా వాయిస్తాడు అన్నది మొదటి మాట. అక్కడితో ఆపలేదు. పరాక్రమశాలి అన్నాడు, యుద్ధం తెలిసినవాడు అన్నాడు, మాట నేర్పు ఉన్నవాడు అన్నాడు, చూడ్డానికి బాగుంటాడు అన్నాడు, యెహోవా అతనికి తోడుగా ఉన్నాడు అన్నాడు. ఆరు సంగతులు, అందులో సంగీతం ఒక్కటే. అంటే ఆ సేవకుడు దావీదుని చేతుల వరకే చూడలేదు, మనిషిని ఎరిగి ఉన్నాడు. మన టీంలో వాయించే ఒక్కరి గురించైనా ఆరు మాటలు చెప్పగలమా? నేను ప్రయత్నించాను, మా డ్రమ్మర్ గురించి రెండు దగ్గర ఆగిపోయాను. అందులో ఒకటి టైంకి వస్తాడు అని.

ఇంకోటి, ఇది బాధగా ఉంటుంది. అదే దావీదు వాయిస్తున్నప్పుడే సౌలు ఈటె విసిరాడు. వాయించేవాడికి దెబ్బలు తగలవు అనుకోకండి, చాలాసార్లు ఆ వేదిక మీదే, వాయిస్తుండగానే తగులుతాయి.

పాతకీర్తన:
రెండోచరణం బ్రదర్ చెప్పిన వచనం నాకు తెలుసు గానీ అలా లెక్కపెట్టి చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

నేను అలా మాట్లాడటానికి కారణం ఉంది. ఆమోసు 5:23లో మీ పాటల ధ్వని నా దగ్గర నుండి తీసేయండి, మీ స్వరమండలాల నాదం వినడం నాకు ఇష్టం లేదు అని దేవుడే అంటాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒక అబ్బాయి గుర్తొస్తాడు. చాలా ఏళ్ల కిందట మా సంఘానికి పందొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చాడు. ఏ వాయిద్యం ఇచ్చినా పలికించేవాడు. మూడు నెలలు తిరక్కుండా వేదిక ఎక్కించాం, ఆరో నెలకి టీం అంతా వాడి చేతికే ఇచ్చాం. వాడికి బాప్తిస్మం అయిందా లేదా కూడా ఎవరూ సరిగ్గా అడగలేదు. వాడి ఇంట్లో ఏం జరుగుతోందో, రాత్రుళ్లు ఎవరితో తిరుగుతున్నాడో ఒక్క పెద్ద కూడా కనుక్కోలేదు. అందులో నేనూ ఒకణ్ని. ఒక రోజు రావడం మానేశాడు. ఆ ఆదివారం మేమందరం కంగారుపడింది ఈరోజు ఎవరు వాయిస్తారు అని. వాడికేమైంది అని అడగడానికి మాకు రెండు వారాలు పట్టింది.

కాబట్టి నాకు వేదిక అంటే భయం. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, వాణ్ని పాడుచేసింది వేదిక కంటే మేం తెలుసుకోకపోవడమేనేమో.

నల్లమెట్లు:
అయ్యగారూ, ఇది రాసినందుకు మీకు వందనాలు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసా?

పాతకీర్తన:
తెలుసు. వెళ్లి కలవలేదు.

మూలగది:
నేను డ్రమ్స్. మా దగ్గర డ్రమ్స్ చుట్టూ అద్దాల్లాంటి అడ్డు కట్టారు, శబ్దం హాల్లోకి ఎక్కువ వెళ్లకుండా. మంచిదే. కానీ అందులో కూర్చుంటే అందరూ అవతల, నేను ఇవతల. చెవుల్లో ఇయర్ మానిటర్ పెట్టుకుంటే తాళం తప్పకుండా టిక్ టిక్ అనే క్లిక్, కీబోర్డ్, లీడర్ గొంతు వినిపిస్తాయి, సంఘం పాడేది వినపడదు. మూడేళ్లు వాయించాక ఒకరోజు పాట మధ్యలో ఒక చెవిది తీసి చూశాను. మూడొందల మంది పాడుతున్నారు. ఏడుపొచ్చేసింది. మళ్లీ పెట్టుకుని వాయించాను. ఇప్పుడు మా సౌండ్ అన్నని అడిగి హాల్లో ఒక మైకు పెట్టించుకున్నాను, జనం పాడేది కూడా నా చెవిలోకి వస్తుంది.

డ్రమ్మర్‌ని తెలుసుకోవాలంటే ముందు చెవుల గురించి అడగండి, నిజంగా చెప్తున్నాను. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చని, అక్కణ్నించి ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైం సగం అవుతుందని పని చోట్ల శబ్దం గురించి అమెరికాలో నియోష్ అనే సంస్థ పెట్టిన హద్దు ఉంది. ఆ లెక్కన 100 దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. డ్రమ్స్ ముందు కూర్చున్నవాడికి 100 దాటడం పెద్ద విషయం కాదు, మేం రిహార్సల్‌తో కలిపి మూడు గంటలు కూర్చుంటాం. నాకు రాత్రి పడుకుంటే ఎడమ చెవిలో సన్నగా ఈల వినిపిస్తుంది. నాలుగేళ్లయింది. దాని గురించి నన్ను అడిగింది ఒకే ఒక్కరు, మా సండేస్కూల్ టీచరమ్మ, అది కూడా నేను ఆమె మాట రెండుసార్లు "ఏంటండీ" అన్నందుకు.

ఫేడర్:
మూలగది తమ్ముడూ, చెవి డాక్టర్‌కి చూపించుకోండి, ఇక్కడ రాసి ఊరుకోవద్దు. ప్లీజ్.

నేను సౌండ్ డెస్క్ దగ్గర ఉంటాను. సంఘమంతా వాళ్లని ముందు నుంచి ఆదివారం చూస్తుంది, నేను శనివారం రిహార్సల్‌లో చూస్తాను. మనిషి ఎవరో తెలిసేది అక్కడే. సౌండ్ చెక్ అప్పుడు నాది పెంచండి, నాది పెంచండి అనేవాళ్లు ఉంటారు. "పాడేవాళ్లది సరిగ్గా వినపడట్లేదు, నాది కొంచెం తగ్గించండి" అనేవాళ్లూ ఉంటారు, తక్కువ మంది.

ఒక సంగతి చెప్తాను. ఒకసారి లీడ్ చేసే సిస్టర్‌కి గొంతు బాలేదని మా కీబోర్డ్ బ్రదర్ ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు మెట్లు కిందికి దించి మొదటి పాట వాయించారు. పాట అయ్యాక దాన్ని మళ్లీ సున్నాకి తేవడం మర్చిపోయారు. రెండో పాట గిటార్ అసలు స్కేల్‌లో ఎత్తుకుంది, కీబోర్డ్ రెండు మెట్లు కిందనుంచి వచ్చింది. వినడానికి ఘోరంగా ఉంది. అందరూ గిటార్ తమ్ముడి వైపు చూశారు, ఎందుకంటే వాడు కొత్త, పదిహేడేళ్లుంటాయి. వాడు ముఖం పాలిపోయి చేతులు తీసేశాడు. అప్పుడు ఈయన వాయించడం ఆపి, పక్కన ఉన్న మైకు దగ్గరకు వంగి "నా పొరపాటు, తమ్ముడు కరెక్టుగానే వాయించాడు" అని చెప్పి, బటన్ సరిచేసి, వాణ్ని మళ్లీ మొదలుపెట్టమన్నారు. నాలుగు సెకన్లు పట్టింది. ఆ బ్రదర్ సాక్ష్యం నేను ఎప్పుడూ వినలేదు, వినక్కర్లేదు కూడా అనిపించింది ఆ రోజు. ఆ గిటార్ తమ్ముడు ఇప్పటికీ వాయిస్తున్నాడు.

కొత్తచిగురు:
నేను వేరే ప్రశ్నతో వచ్చాను, ఇక్కడ అడగొచ్చో లేదో. నాకు పెళ్లి కుదిరింది. ఆయన వాళ్ల సంఘంలో గిటార్ వాయిస్తారు, కొన్నిసార్లు లీడ్ కూడా చేస్తారు. ఆయన ఆరాధన వీడియోలు చూశాను, చాలా బాగా ఆరాధిస్తారు. అందరూ నువ్వు ఎంత ధన్యురాలివి అంటున్నారు. నాకు మాత్రం కొంచెం టెన్షన్‌గా ఉంది. ఆ వీడియోలో ఉన్న మనిషి, ఫోన్లో నాతో మాట్లాడే మనిషి ఒకరేనా అని ఎలా తెలుస్తుంది? అడిగితే తప్పుగా అనుకుంటారేమో అని అడగలేదు.

మూడోవరుస:
చెల్లీ, అడగడం తప్పు కాదు, అడగకపోతేనే తర్వాత కష్టం. మా ఆయన బేస్ గిటార్. పెళ్లై పదకొండేళ్లు.

వీడియోలు చూడటం ఆపేయండి కొన్నాళ్లు. ఒక రిహార్సల్‌కి వెళ్లి ఒక మూల కూర్చోండి. ఎవరైనా "అక్కడ కార్డ్ తప్పు" అన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడండి. తనకంటే తక్కువ వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడతారో చూడండి. ఆ వారం లిస్టులో తన పేరు లేనప్పుడు సంఘానికి వస్తారా రారా, వస్తే ఎక్కడ కూర్చుంటారు, పాడతారా లేక పక్కవాళ్ల వాయించడంలో తప్పులు లెక్కపెడతారా, ఇది ఆయన్నే అడగండి. నిజాయితీ ఉన్నవాళ్లు నిజం చెప్తారు. మా ఆయన్ని అడిగితే మొదట్లో లెక్కపెట్టేవాణ్నని ఒప్పుకున్నారు.

మీ జీవితం ఎలా ఉంటుందో కూడా ముందే మాట్లాడుకోండి. శనివారం సాయంత్రాలు ఉండవు. ఆదివారం ఆయన రెండు గంటలు ముందే వెళ్లిపోతారు, పిల్లల్ని రెడీ చేసి తీసుకెళ్లేది మీరొక్కరే. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ అందరి కుటుంబాలూ పక్కపక్కన కూర్చుంటే మీ పక్క సీటు ఖాళీగా ఉంటుంది. నేను దీనికి ఏడ్చాను, దాచను. తర్వాత మేమిద్దరం మాట్లాడుకుని, వాక్యం టైంలో ఆయన వేదిక దిగి వచ్చి నా పక్కనే కూర్చోవాలని పెట్టుకున్నాం. చివరి పాటకి మళ్లీ వెళ్తారు. ఆ నలభై నిమిషాలు మాకు చాలా విలువైనవి.

ఇంకొకటి. మా ఆయనకి మణికట్టు నొప్పి వచ్చి డాక్టర్ నాలుగు నెలలు వాయించొద్దన్నారు. మొదటి ఆదివారం నా పక్కన నిలబడ్డారు. పాట మొదలైంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నారు, తీశారు, ముందు బెంచీ పట్టుకున్నారు, మళ్లీ తీశారు. ఇంటికొచ్చాక "వాయిద్యం లేకుండా దేవుని ముందు ఎలా నిలబడాలో నాకు తెలీదు" అన్నారు. పెళ్లైన ఆరేళ్లకి ఆ రోజు ఆయన నాకు నిజంగా తెలిశారు. ఆ నాలుగు నెలలూ మాకు ఎంత మేలు చేశాయో ఇక్కడ రాయలేను.

కొత్తచిగురు:
అక్కా, రెండోసారి చదువుతున్నాను. రిహార్సల్‌కి రావచ్చా అని మెసేజ్ పెట్టాను ఇప్పుడే.

ఆల్టో_అక్క:
ఫేడర్ బ్రదర్ చెప్పినదానికి నాదొకటి కలుపుతాను. మనిషి మనసు ఆయన ఎంచుకునే స్కేల్‌లో కూడా తెలుస్తుంది. సంగీతం నేర్చుకోని మామూలు గొంతులు పై డి స్వరం దాటితే మెల్లగా ఆగిపోతాయి, ముందు మగవాళ్లు నోరు మూస్తారు, తర్వాత పెద్దవయసు ఆడవాళ్లు. లీడర్ గొంతు ఎఫ్ దాకా హాయిగా పోతుందని పాటని అక్కడ పెడితే వేదిక మీద అద్భుతంగా ఉంటుంది, కింద సంఘం వింటూ ఉంటుంది అంతే. మా దగ్గర పియానో వాయించే అంకుల్ రిహార్సల్‌లో ఒకటే అడుగుతారు, "ఇది వెనక కూర్చునే మామ్మగారికి అందుతుందా?" అందదంటే దించేస్తారు, దానివల్ల తన చేతికి కష్టమైన స్కేల్ వచ్చినా సరే. చివరి పల్లవికి చాలాసార్లు చేతులు తీసేసి జనం గొంతుల్ని మాత్రమే వదిలేస్తారు. అప్పుడు ఆయన ముఖం చూడండి.

మూలగది:
డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. చాలామంది వాయిద్యం సొంతంగా కొనుక్కుంటారు, తీగలూ కర్రలూ సొంతమే, రానుపోను ఖర్చులూ సొంతమే. ఇష్టంతోనే. కానీ సంగీతమే బతుకుతెరువైన అన్నలు ఉంటారు. శనివారం రాత్రి ఎక్కడో ప్రోగ్రాం వాయిస్తే తప్ప ఇల్లు గడవదు, తెల్లారి ఆదివారం కళ్లు ఎర్రగా వస్తే "లోకంలో వాయించి వచ్చాడు" అంటారు. అనేవాళ్లు ఆ ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో అడగరు. నేను వాయించిన ఒక చోట ఆరేళ్లు చేసిన అన్న ఆస్పత్రి పాలైతే ఆ వారం ఆయనకు వెళ్లిన ఫోను ఒకటే. కీబోర్డ్ పాస్‌వర్డ్ ఏంటి అని.

రెండోచరణం:
తమ్ముడూ, ఇది కొత్త కాదు. నెహెమ్యా 13:10 చదవండి. మందిర సేవ చేసే లేవీయులకూ గాయకులకూ రావాల్సిన భాగం ఇవ్వకపోతే వాళ్లు ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్లని తిట్టలేదు, అధికారుల్ని పట్టుకుని దేవుని మందిరం ఎందుకు ఇలా వదిలేశారని అడిగాడు, తర్వాత వాళ్లని పోగుచేసి మళ్లీ నిలబెట్టాడు. పేరున్న సంగీతకారుడు బాఖ్ లాంటివాడు కూడా జర్మనీలోని లైప్జిగ్‌లో 1723 నుంచి చనిపోయేదాకా చర్చి సంగీతం చూశాడు, 1730లో సరిపడా వాయిద్యగాళ్లు లేరని, ఉన్నవాళ్లకి సరైన ఆదరువు లేదని నగర పెద్దలకు రాసుకున్నాడు. రచనల చివర దేవునికే మహిమ అనే అర్థంతో మూడు లాటిన్ అక్షరాలు రాసుకున్న మనిషే ఆ ఉత్తరమూ రాశాడు. రెండూ ఒకే చేత్తో.

కాపరి_ఒకడు:
నేను ఒక చిన్న సంఘానికి కాపరిని. ఈ థ్రెడ్ మొత్తం చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. వెనకబెంచి తమ్ముడు రాసిన ఆ కళ్లు తెరుచుకుని ఉండే మనిషి మా సంఘంలో కూడా ఉన్నాడు, ఆయన్ని అలా ఉంచింది నేనే. ప్రార్థన అనగానే వెనక సంగీతం ఉండాలని అలవాటు చేసింది నేను.

1 దినవృత్తాంతములు 25లో గాయకులు 288 మంది, 24 వరుసలు, ఒక్కో వరుసకి 12 మంది. పెద్దా చిన్నా, గురువూ శిష్యుడూ అని తేడా లేకుండా చీట్లు వేసి వంతులు పంచారు. ఇది నేను ఎన్నోసార్లు బోధించాను. మా దగ్గర మాత్రం ఒకే బ్రదర్ ఏడాదికి 52 ఆదివారాలు వాయిస్తున్నాడు. మాకు ఇద్దరు లేరు, నిజమే. లేకపోతే నెలకి ఒక ఆదివారం వాయిద్యం లేకుండా పాడొచ్చు కదా అని ఇప్పటిదాకా నాకు తట్టలేదు. రేపు ఆయన ఇంటికి వెళ్తున్నాను. పాటల లిస్టు పట్టుకోకుండా వెళ్లడం ఇదే మొదటిసారి.

నల్లమెట్లు:
పాస్టర్ గారూ, ఆ ఒక్క ఆదివారం గురించి ఆయనకి మెల్లగా చెప్పండి. "ఈ వారం మీరు అవసరం లేదు" అన్నట్టు వినపడితే తట్టుకోలేరు. మాలో చాలామందికి ఆ భయం ఉంటుంది, పైకి చెప్పం. "మీరు నా పక్కన కూర్చోవాలని ఉంది" అనండి.

వెనకబెంచి:
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ థ్యాంక్స్, ఒక్కొక్కరి మాటా చదివి దాచుకున్నాను.

ప్రతి వారం వైర్లు చుట్టడానికి వెళ్తున్నాను. ఇప్పుడు కుదురుగా చుట్టడం వచ్చింది. ఏమీ అడగాలని పెట్టుకోలేదు, ఆయనే ఒక్కొక్కటి చెప్తున్నారు. లెక్కలు రాసే ఉద్యోగం. పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్న చనిపోతే, ఆ సమాధి కార్యక్రమంలో ఎవరో వాయించిన హార్మోనియం విని ఆ శబ్దం దగ్గరే కూర్చుండిపోయారట, అలా మొదలైంది. తొమ్మిదేళ్లుగా నేను విన్న ఆ వాయించడం వెనక ఇంత ఉందని నాకు తెలీదు.

కాపరి గారి పోస్టు మా పాస్టర్ గారికి చూపించాను. నిన్న వాయిద్యాలు లేకుండా పాడాం. అన్న వచ్చి నా పక్కన, వెనక బెంచీలో కూర్చున్నారు. మాకు బాగా అలవాటైన పాటే. పల్లవి, మొదటి చరణం గట్టిగా పాడారు. మూడో చరణం దగ్గర ఆగిపోయారు. మెల్లగా నా వైపు వంగి "మాటలు తెలీవు తమ్ముడూ, ఎప్పుడూ చేతులు చూసుకుంటూ ఉన్నాను" అన్నారు. నా పుస్తకం ఆయన ముందుకు జరిపాను. వాయిద్యం లేదు కదా, చివరికి వచ్చేసరికి సంఘమంతా అర మెట్టు కిందికి జారింది, నాకు తెలీలేదు, ఆయనే తర్వాత చెప్పారు. పాడుతున్నంతసేపూ ఎడమచేతి చిటికెన వేలు మోకాలి మీద కదులుతూనే ఉంది.

ముగింపు ప్రార్థనలో నేనే కళ్లు తెరిచి ఒకసారి చూశాను. ఆయనవి మూసి ఉన్నాయి.

పాతకీర్తన:
నేను ఆ అబ్బాయిని కలవడానికి ఈ శుక్రవారం వెళ్తున్నాను. అబ్బాయి అంటున్నాను గానీ ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ప్రార్థన చేయండి.